నాన్న బాయి మాటలు

మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటితే అమ్మ "సీమ్ అయిపోయింది" అనేది. సీమ్ అంటే భూమిలో పరుచుకున్న బొగ్గు పొర. సూది మంచం కింద పడి దొరక్కపోతే "గోఫ్‌ల పడ్డది, ఇగ ఇడిసిపెట్టు" అనేది. బాయిలో గోఫ్‌లోకి పోయింది మళ్ళీ చేతికి రాదు. వంటింటి గచ్చు కాస్త వాలుగా ఉండేది. నీళ్ళు పారే వైపు డిప్పు, పొయ్యి ఉన్న వైపు రైజు. "డిప్పు దిక్కు కూసోకు, తడుస్తవు" అని అన్నం పెడుతూ చెప్పేది. నాన్న బొగ్గుబాయిలో మైనింగ్ సర్దారు. మా వైపు గనిని గని అనరు, బాయి అంటారు. షిఫ్టు మొదలయ్యే ముందే లోపలికి పోయి కప్పు గట్టిగా ఉందో లేదో, గ్యాసు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే పనివాళ్ళను రానివ్వడం ఆయన పని. ఒంటికి అంటిన మసితో పాటు ఆ మాటల్ని కూడా రోజూ ఇంటికి తెచ్చేవాడు. మేము వాటిని ఇంటి మాటలు చేసేసుకున్నాం. ఊరు దాటి కాలేజీకి వెళ్ళేదాకా అవి ఇంగ్లీషు మాటలని నాకు తెలియదు.

ఆ మాటలే నాకు ఉద్యోగం తెచ్చిపెడతాయని అమీర్‌పేటలో ఒకసారి గట్టిగా నమ్మాను.

నేను జియాలజీలో ఎమ్మెస్సీ చేశాను. ఆ చదువు పేరు చెబితే ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో జాలిగా చూసే రోజులవి. ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ అని పరుగెడుతోంది. "రాళ్ళ చదువా? ఎందుకండీ, హాయిగా జావా నేర్చుకోక" అని పక్క గదిలోని గుంటూరు అమ్మాయి నాకు రోజూ హితబోధ చేసేది. సరే, నేర్చుకున్నాను. మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో, కుర్చీకి కుర్చీ ఆనించి వేసిన గదిలో కూర్చుని, ఎదుటివాడి భుజం మీంచి బోర్డు చూసి నేర్చుకున్నాను.

కోర్సు అయ్యాక అసలు చదువు మొదలయ్యేది. దాన్ని "ఎక్స్‌పీరియన్స్ పెట్టడం" అనేవారు. ఏ ఆఫీసు గడపా తొక్కని పిల్లలకు రెండేళ్ళో మూడేళ్ళో ఉద్యోగం చేసినట్టు కన్సల్టెన్సీల్లో కాగితాలు తయారయ్యేవి. మెస్సులో సాంబారు పోసుకుంటూ "ఎంత పెట్టినవ్?" అని అడిగేవారు. "రెండు పెట్టిన" అని నదురూ బెదురూ లేకుండా జవాబొచ్చేది. లేని ప్రాజెక్టులో వచ్చిన చిక్కులు, వాటిని విప్పిన తీరు, అన్నీ కథలుగా అల్లి ఇచ్చేవారు. వాటిని బట్టీపట్టాలి. ఒకే కథను ఒకే ఆఫీసులో పొద్దున ఒకడు, మధ్యాహ్నం ఇంకొకడు చెప్పి దొరికిపోయిన సంగతులు హాస్టల్లో చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. నేను అందరికంటే గట్టిగా నవ్వేదాన్ని. నేనేమీ పెట్టలేదు, పెట్టబోను అనే పొగరు నాది.

నా గదిలో ఉండే అమ్మాయి నాకంటే రెండేళ్ళు చిన్నది. ఎమ్‌సీఏ చేసింది. మగ్గాల ఊరు వాళ్ళది, వాళ్ళ నాన్న మరమగ్గం మీద పని చేస్తాడు. నన్ను అక్కా అని పిలిచేది. పిలవడమే కాదు, నాకు జ్వరం వస్తే మెస్సు నుంచి గిన్నెలో రసం మోసుకొచ్చేది, ఎర్రగడ్డ రైతుబజారుకు పోతే నాకని వేరుగా జామకాయలు తెచ్చేది. నాకు సొంత చెల్లెలు లేదు. ఆమెను చూసి ఆ లోటు తీరిందని అమ్మతో ఫోన్లో చెప్పాను కూడా.

అట్లాంటప్పుడు నా సీనియర్ ఒకాయన ఒక కబురు చెప్పాడు. పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీ విదేశీ గనులకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోందట. జావా వచ్చి, గని భాష కూడా తెలిసినవాళ్ళు ఒక్కరు కావాలట. అక్కడి ఇంజినీర్లు ఫోన్లో మాట్లాడితే ఇక్కడి పిల్లలకు ముక్క అర్థం కావడం లేదట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఈ నగరంలో ఇంతమంది జావా పిల్లలున్నారు, గోఫ్ అంటే తెలిసినవాళ్ళు నేను కాక ఇంకెవరున్నారు? అప్పటికే ఒక కాల్ సెంటర్ వాళ్ళు నన్ను రమ్మన్నారు. ఇది వస్తే నా చదువు నాతో ఉంటుంది. రాకపోతే దాన్ని మూటగట్టి అటక మీద పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని ఎవరి క్రెడిట్ కార్డు గోలో వినాలి. అంతే తేడా, కానీ నాకు అది చిన్న తేడా కాదు.

చిక్కల్లా నా ఇంగ్లీషుతో. మాట తెలుసు, నోరు పెగలదు. అందుకే నా గదిలోని ఈ చెల్లెలు ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు వేషం కట్టింది. సాయంత్రం హాస్టల్ మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య, ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చునేది.

"ముందు నాకు తెలుగుల చెప్పు అక్కా. నాకు సమజైతే వాళ్ళకు సుత సమజైతది," అంది.

చెప్పాను. ఎదురుగా కడుతున్న అపార్టుమెంటు స్తంభాలు చూపించి పిల్లర్లంటే ఏంటో చెప్పాను. బాయిలో బొగ్గునే స్తంభాలుగా వదిలేసి, కప్పును వాటి మీద నిలబెడతారని, చివరికి ఆ స్తంభాల్ని కూడా తీసేస్తారని, అట్లా తీశాక కప్పు కూలిపోయే ఖాళీ జాగానే గోఫ్ అని చెప్పాను. మా గదుల మధ్య గోడలు ప్లైవుడ్‌వి. చీపురుకట్ట తిరగేసి గోడ మీదా, కప్పు మీదా తట్టి గట్టిదనానికి ఒక చప్పుడు, బోలుకు ఒక చప్పుడు వినిపించాను. ఆమె కూడా తట్టింది. హాస్టల్ ఆంటీ వచ్చి "గోడలు పగలగొడితే మీ నాన్నలు కట్టిస్తారా" అని కేకలేసింది. ఆ రోజు మేము నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. గుర్తున్నందుకు కోపం కూడా వస్తుంది.

ఆదివారాలు ఎస్టీడీ బూత్ నుంచి నాన్నకు ఫోన్ చేసేదాన్ని. నాకు తెలియని మాటలు ఆయన్నే అడిగేదాన్ని. ఆమె పక్కనే నిలబడి ఒకసారి రిసీవర్ లాక్కుంది.

"అంకుల్, ఫాల్ట్ అంటే ఏంది?"

ఆయన ఎంత సంబరపడ్డాడో బూత్ బయటికి కూడా వినిపించింది. "పొర పోతా పోతా ఒకకాడ తెగుతది బిడ్డా. కిందికన్న జారుతది, మీదికన్న జారుతది. బొగ్గు ఒడిసిపోయిందనుకుంటరు. ఒడువది. జర అవతల ఉంటది. ఎతకాలె, గంతే."

ఆ రోజు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నా కంటే ముందు ఆమెను అడిగేవాడు. "నీ దోస్తు మంచిగున్నదా? తెలివిగల్ల పిల్ల."

ఇంటర్వ్యూ దగ్గరపడింది. "మాటలు అందరు చెప్తరు అక్కా. వాళ్ళు నిజంగ జరిగింది ఒకటి చెప్పమంటరు. నీ తాన ఏమన్న ఉన్నదా?" అంది.

ఉంది. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చెప్పాను.

పిల్లర్లు తీసే చోట, గోఫ్ అంచున, నాన్న కర్రతో కప్పు తట్టి చూస్తున్నాడు. గట్టిగా పలకాల్సింది మొద్దుగా పలికింది. పై నుంచి సన్నగా మట్టి రాలింది. అందరినీ బయటికి పొమ్మని అరిచాడు. అందరూ వచ్చారు. బొగ్గు టబ్బులు తోసే ఒకతను మాత్రం సద్దిగిన్నె మరిచానని వెనక్కి పోయాడు. నాన్న అతని కోసం పోయాడు. అతన్ని రెక్క పట్టి ఈవలికి నెట్టాడు కానీ, పక్క గోడ నుంచి ఊడిన బండ నాన్న కాలి మీద పడింది. బండ జరిపాక, వాపెక్కిన కాలు బయటికి రావడానికి బూటు కోయబోయారు. "బూటు కోయకుండ్రి, మొన్ననే ఇచ్చిండ్రు" అని నాన్న వాళ్ళ చెయ్యి పట్టుకున్నాడు. ప్రాణం పోతోందో ఉంటోందో తెలియని వేళ బూటు గురించి ఆలోచించానని ఆయనకు సిగ్గు. ఆసుపత్రిలో నాకొక్కదానికే చెప్పాడు. అమ్మకు కూడా చెప్పొద్దన్నాడు. ఆ తర్వాత కాల్లో రాడ్డు వేశారు, బాయి దిగే పని తీసేసి, బాయి పైన పనివాళ్ళకు టోపీ దీపాలు ఇచ్చే దీపాల గదిలో కూర్చోబెట్టారు.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. అది నటన అని ఇప్పటికీ అనలేను. నటన అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఇంటర్వ్యూ రోజు నా చున్నీ ఆమే ఇస్త్రీ చేసింది. తనకు తెలిసినవాళ్ళెవరో శ్రీనగర్ కాలనీలో ఉన్నారని, చూసి వస్తానని పొద్దున్నే తయారై వెళ్ళింది. నన్ను రమ్మన్నది భోజనాల తర్వాత. బస్సులో నిలబడి లోలోపల మాటలు అప్పజెప్పుకుంటూ పంజాగుట్ట చేరాను.

గదిలో ఇద్దరున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకరు, నా వయసే ఉన్న ఒకావిడ. జావా అడిగారు, తడబడుతూ చెప్పాను. గని మాటలు అడిగారు. అక్కడ నేను తడబడలేదు. సీమ్, డిప్, ఫాల్ట్, గోఫ్, నాన్న చెప్పినట్టే చెప్పాను. నేను చెప్పేకొద్దీ ఆయన ఆవిడ వైపు చూస్తున్నాడు. మెచ్చుకోలు అనుకున్నాను. నాలో ధైర్యం పొంగింది.

"గనిలో జరిగిన సంఘటన ఏదైనా చెప్పగలరా?" అని తెలుగులోనే అడిగాడు.

మొదలుపెట్టాను. కర్రతో తట్టడం, మట్టి రాలడం, సద్దిగిన్నె కోసం పోయినతను. బండ పడిందని చెప్పి ఊపిరి తీసుకున్నాను.

"ఇప్పుడు బూటు కోయొద్దని అంటారు, అవునా?" అన్నాడాయన.

నాకు అర్థం కాలేదు. మొదట, ఈయనకు మా నాన్న తెలుసేమో అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి, ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది.

"పొద్దున ఒకమ్మాయి చెప్పారు. ఆమె కథలో వాళ్ళ నాన్నగారు చనిపోయారు. ఆఖరి మాట ఆ బూటు మాటేనట. మీ దాంట్లో ఏమవుతుంది?"

ఆవిడ తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. శ్రీనగర్ కాలనీలో తెలిసినవాళ్ళు, ఇస్త్రీ చున్నీ, ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

"మా నాన్న బతికే ఉన్నారు సార్. దీపాల గదిలో పని చేస్తున్నారు," అన్నాను.

"మంచిదమ్మా. మీ ఇన్‌స్టిట్యూట్ ఏది?"

"ఇన్‌స్టిట్యూట్ కాదు సార్. అది మా ఇంట్లో జరిగింది. ఆ అమ్మాయి నా రూమ్మేట్, నేనే ఆమెకు చెప్పాను."

"ఆమె కూడా మా ఇంట్లో జరిగిందనే చెప్పారు. గోఫ్ గురించి కూడా ఇద్దరూ పొల్లు పోకుండా ఒకే మాట చెప్పారు. ఎవరు రాసిచ్చారోగానీ బాగా రాశారు."

నా ఎమ్మెస్సీ సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "అమీర్‌పేటలో ఇవి కూడా దొరుకుతున్నాయి కదమ్మా," అని మెత్తగా అన్నాడు. కోప్పడి ఉంటే తిరిగి కోప్పడేదాన్ని. ఆయన నిజంగా నా మీద జాలిపడ్డాడు. ఏం చెప్పినా అది నేను నేర్చుకొచ్చిన కథలో తర్వాతి ముక్కలాగే వినిపిస్తుందని తెలిసిపోయింది. సర్టిఫికెట్ తీసుకుని లేచాను.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచే వచ్చాను. బస్సెక్కితే ఎవరైనా పలకరిస్తారని భయం. దారిపొడవునా స్తంభాలకు అంటించిన కోర్సుల కాగితాలు, గుంపులు గుంపులుగా ఫైళ్ళు పట్టుకున్న పిల్లలు. వీళ్ళలో ఎందరు ఎవరెవరి నాన్నల్ని చంపుకుని వస్తున్నారో అనిపించింది. ఉద్యోగం పోయిందనే బాధ ఇంకా మొదలే కాలేదు. మా నాన్న సిగ్గుపడి నాకొక్కదానికి చెప్పిన మాటను ఎవరో ఏసీ గదిలో విని కాగితం మీద రాసుకున్నారన్నదే లోపల మండుతోంది.

గదికి వచ్చేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. నా మొహం చూసి లేచి నిలబడింది. అబద్ధం ఆడలేదు, ఆ మాత్రం మర్యాద చేసింది.

"కన్సల్టెన్సీ ఆయన రెండు పెట్టిండు అక్కా, మైనింగ్ ప్రాజెక్టని. నేను వద్దన్న. గివన్ని నీకొస్తయి గద, గా కంపెనీకి పో అన్నడు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నువ్వు పోనిస్తవా?"

చున్నీ తీసి మంచం మీద పడేశాను.

"మా నాయిన మగ్గం మీద కూసుంటడు. గా ముచ్చట చెప్తె వాళ్ళు ఉద్యోగం ఇస్తరా? నా తాన చెప్పెటందుకు ఏం లేకుండె. నీ తాన మస్తున్నయి అక్కా. నువ్వు ఇంకోటి చెప్తవనుకున్న. నాకు గదొక్కటే తెలుసు."

"మరి చంపుడెందుకే?" అన్నాను.

"తర్వాతేమైంది అని అడిగిండ్రు. వాళ్ళ మొఖాలు చూస్తె, బతికిండు అంటె సాలదు అనిపించింది."

ఆ రాత్రి నుంచి ఒకే గదిలో ఉంటూ మాటలు మానేశాం. ఆమెకు ఉద్యోగం వచ్చిందని హాస్టల్ ఆంటీ చెబితే తెలిసింది. నెలాఖరుకు గది మారుతుందని కూడా ఆవిడే చెప్పింది. నేను నాన్నకు ఫోన్లో రాలేదని మాత్రం చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. "పోనీ తీ, నీ దోస్తుకేమన్న దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను. ఎక్కడని అడిగితే, నేను పోయిన కంపెనీలోనే అని అదీ చెప్పాను. ఎట్లా దొరికిందో చెప్పలేదు. చెప్పాలంటే ఆమె కథలో ఆయన ఏమయ్యాడో చెప్పాలి. బూటు మాట నేను దాచలేకపోయానని చెప్పాలి. కన్నతండ్రికి ఆ మాటలు ఏ నోటితో చెప్పను?

ఆ తర్వాతి వారమే కాలు చూపించుకోవడానికి పంజాగుట్ట ఆసుపత్రికి వచ్చాడు. పొద్దున బస్సు దిగి నేరుగా హాస్టల్‌కు వచ్చాడు. ఆడపిల్లల హాస్టల్, మగవాళ్ళు మెట్లెక్కకూడదు. కింద గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. ఆటో పిలుస్తానంటే ఆగమన్నాడు.

"ముందుగాల ఆ పిల్లను పిలువు. నేను ఒక్కసారి సుత చూడలేదు."

ఆమె ఆఫీసుకు తయారై అప్పుడే మెట్లు దిగుతోంది, మెడలో కొత్త కార్డు. ఆయనెవరో ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. చేతికర్ర చూసింది, చాపిన కాలు చూసింది, మెట్టు మీదే ఆగిపోయింది.

"రా బిడ్డా, రా. మన బాయి మాటలు ఉత్తగ పోలేదు, నీకన్న కలిసొచ్చినయి. ఏదీ, పిల్లర్లు ఎట్ల తీస్తరో చెప్పు, వింట."

ఆమె నా వైపు చూసింది. నేను గేటు వైపు చూశాను.

"దూరందాని నుంచి మొదలువెట్టి ఎనుకకు వచ్చుకుంట తీస్తరు అంకుల్. మన ఎనుక ఎప్పుడు దారి ఉండాలె. కప్పు మన ముంగట కూలాలె గని మన మీద కూలొద్దు."

నాన్న మొహం వెలిగిపోయింది. కర్ర ఆనించి లేచి నిలబడ్డాడు. ఆమె వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. రాడ్డున్న కాలి మీద చెయ్యి ఆనగానే ఆమె భుజాలు కదిలాయి. ఆయన గౌరవమనుకున్నాడు. తల మీద అరచెయ్యి పెట్టి "నూరేండ్లు బతుకు బిడ్డా" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ గేటు దాటిపోయింది. నాన్న ఆ వైపే చూస్తూ కాసేపు నిలబడి, నా వైపు తిరిగాడు. నన్ను చిన్నబుచ్చాలని కాదు, నా మీది ప్రేమతోనే, నెమ్మదిగా అన్నాడు:

"చూసినవా ఎంత సక్కగ చెప్పిందో. నువ్వు సుత గిట్ల చెప్పకపోయినవా బిడ్డా, వాళ్ళు నమ్ముదురు."

"అవును నాన్నా," అన్నాను.